చక్రాల మీద గీత

"నేనేం కాని పని చేశానమ్మా? బండి వారం రోజులుగా కదల్లేదు. శుక్రవారం మొరాయిస్తుందేమోనని కొండ దాకా తీసుకెళ్ళొచ్చాను. అంతేగా?"

పొద్దుటి నుంచి క్రెయిగ్ ఈ మాట అనడం నాలుగోసారి. హేజెల్ రొట్టెముక్కలకు వెన్న రాస్తోంది. ఎవరు తింటారని రాస్తోందో ఆమెకే తెలియదు. బల్ల మీద అప్పటికే రెండు పళ్ళేలు నిండాయి. పక్కన ఇరుగుపొరుగు తెచ్చిచ్చిన, పిండి పొరలో కాల్చిన మాంసం పైలు ఐదు, కప్పిన గుడ్డలు కప్పినట్టే ఉన్నాయి.

"ఎంత వేగం మీద వెళ్ళావు?" అని అడిగింది.

"ఎంత పోతే అంత. నాన్న బతికుండగా నలభై మైళ్ళు దాటనిచ్చాడా ఎప్పుడైనా? ఒక్కసారి దాని గొంతు విందామనిపించింది." క్రెయిగ్ గోళ్ళలో ఇరుక్కున్న నూనె మరకను గీరుకుంటూ అన్నాడు. "పై మలుపు దగ్గర వణుకు మొదలైంది. కాళ్ళ కింద రేకు గడగడలాడింది. ఆ తర్వాత ఇంజన్ ఠక్కున పట్టేసింది. వెనక చక్రం జారి పడబోయాను తెలుసా? చచ్చేవాణ్ణి. ఆ సంగతి మాత్రం ఒక్కరూ అడగరు."

"పడ్డావా?"

"లేదు."

"మరింకేం," అంది హేజెల్, ఇంకో ముక్క తీసుకుంటూ.

పోయిన మంగళవారం క్లిఫ్ కుర్చీలో కూర్చుని బూటు తాళ్ళు ముడి వేసుకుంటూ ముందుకు ఒరిగాడు. మళ్ళీ లేవలేదు. ముప్పై మూడేళ్ళు కాపురం చేసిన మొగుడు. ఆ రోజు నుంచి ఆమె కంట చుక్క రాలలేదు. ఏడుపును బలవంతాన ఆపుకుంటోందనీ కాదు. అది రావడం లేదు. చెవుల్లో దూది పెట్టుకున్నట్టు, అందరి మాటలూ పక్క గదిలోంచి వస్తున్నట్టు ఉంటోంది.

బేకప్ ఊరి స్కూటర్ క్లబ్బులో మనిషి పోతే, శవపేటిక ముందు అతని బండే నడవాలి. అతని ఇంజన్‌తోనే నడవాలి. దాన్ని అతని రక్తం పంచుకున్నవాళ్ళే నడపాలి. లారీ మీద ఎక్కించి తీసుకెళ్ళడం, ఇంకొకరి బండి అరువు తేవడం లాంటివి వాళ్ళలో లేవు. ఇప్పటికి తొమ్మిది మందిని అలాగే సాగనంపారు. ఆ తొమ్మిది బండ్లనూ ముందురోజు సరిచూసి పంపింది క్లిఫే. ఎల్లుండి శుక్రవారం అతని సొంత లాంబ్రెట్టా స్కూటరు వంతు.

అది ఇప్పుడు వెనక షెడ్డులో, ఇంజన్ ఊడదీసిన కళేబరంలా ఒక పక్కకు వాలి ఉంది.

"అది నడవకపోతే క్లబ్బులో నా మొహం ఎవరికి చూపించను? నలభై బండ్లు వస్తున్నాయమ్మా, ప్రెస్టన్ నుంచి కూడా వస్తున్నారు," అన్నాడు క్రెయిగ్.

"నెవిల్‌కు ఫోన్ చేశాను."

"ఏ నెవిల్?"

"ఎంతమంది నెవిల్‌లున్నారు మనకి? మీ బాబాయి."

క్రెయిగ్ లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. "జోడీకి తెలుసా?"

"తెలీదు," అంది హేజెల్. కూతురికి ఆమె కావాలనే చెప్పలేదు.

"తెలిస్తే ఈ ఇంటి పైకప్పు లేచిపోతుంది. దాని మోకాలు పోయింది ఎవరి వల్ల? ఇంజన్‌కి ఆయన చేసిన క్రాంక్ వల్ల కాదూ? పదహారేళ్ళ పిల్ల, స్కార్‌బరో సముద్రం చూద్దామని సరదాపడి నాన్న వెనక ఎక్కితే, దారిలో ఇంజన్ పట్టేసి పడింది. ఇప్పుడదే మనిషిని పిలిచి, అదే పని చెయ్యమంటావా?"

"ఈ లోయ మొత్తంలో క్రాంక్ సరిచెయ్యగలవాడు ఇంకెవరున్నారో చెప్పు. అతనికే ఫోన్ చేస్తాను."

క్రెయిగ్ పళ్ళెంలోంచి ఒక రొట్టెముక్క తీసుకుని తినడం మొదలుపెట్టాడు. మొత్తానికి ఒకడైనా తింటున్నాడు అనుకుంది హేజెల్.

*

నెవిల్ వెనక గేటు దగ్గర ఆగిపోయాడు. చేతుల్లో దుప్పటిలో చుట్టిన బరువైన సామాను ఉంది. పదకొండేళ్ళలో లావెక్కాడు, జుట్టు పలచబడింది. సంతలో ఎప్పుడైనా ఎదురుపడితే దూరం నుంచి తల ఊపేవాడు. ఆమె కూడా తలే ఊపేది.

"హేజెల్."

"నెవిల్."

కాసేపు ఇద్దరూ బొగ్గు గది తలుపు వైపు చూశారు.

"వాడు బాధపడ్డాడా?" అన్నాడు నెవిల్.

"లేదు. బూటు కట్టుకుంటున్నాడు."

"ఏ కాలిది?"

"ఎడమ."

అది తెలియకుండా వెళ్ళకూడదన్నట్టు అతను తల పంకించాడు.

"టీ పెట్టనా? మాంసం పై కూడా ఉంది. ఐదున్నాయి."

"పొట్ట చూశావుగా. ఈ గేటు లోంచి పక్కకి తిరిగి రావాల్సొచ్చింది. టీ చాలు. పంచదార మానేశాను."

షెడ్డులో అడుగుపెట్టగానే నెవిల్ మొదట చూసింది ఇంజన్‌ను కాదు, మూలనున్న ప్రెస్సును. మనిషెత్తు ఇనుప చట్రం, మధ్యలో కిందికి దిగే స్తంభం, పక్కన పొడవాటి పిడి. నెవిల్, క్లిఫ్‌ల నాన్న పనిచేసిన నూలు మిల్లు మూతబడినప్పుడు తెచ్చుకున్నది. ఇద్దరు కొడుకులూ కలిసి వాడుకోండని ఇచ్చిపోయాడు. అన్నదమ్ముల మధ్య గొడవైన నాటి నుంచి అది ఈ షెడ్డులోనే ఉండిపోయింది. నెవిల్ దాని మీద అరచెయ్యి వేసి తీశాడు.

"సర్దడం మాత్రం వీడికి చావు దాకా రాలేదు," అన్నాడు, బల్ల మీద వెతుకుతూ. "స్క్రూడ్రైవర్ కావాలంటే బిస్కెట్ల డబ్బా, బిస్కెట్లు కావాలంటే గ్రీజు డబ్బా."

క్రెయిగ్ నవ్వబోయి, నవ్వకూడదని గుర్తొచ్చి ఊరుకున్నాడు. నెవిల్ అతని వైపు తిరిగాడు.

"నువ్వు టాడ్‌మోర్డన్ వెళ్ళి, వెల్డింగ్ చేసే సిరిల్ రేపు పొద్దున ఖాళీయేనా కనుక్కునిరా. ఫోన్‌లో వినపడదు వాడికి."

"నేనిక్కడుండి సాయం చేస్తాను బాబాయ్."

"నిన్న చేసిన సాయం చాల్లే."

క్రెయిగ్ మొహం ఎర్రబడింది. బస్సు డ్రైవర్ల కోటు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

హేజెల్ టీ తెచ్చి, వెళ్ళకుండా తిరగేసిన పెట్టె మీద కూర్చుంది. ముప్పై మూడేళ్ళు ఇలాగే కూర్చుంది. ఏ భాగం ఎక్కడిదో ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంది. క్రాంక్ అంటే రెండు బరువైన ఉక్కు చక్రాలు, వాటిని కలిపే బొటనవేలంత పిన్ను, ఆ పిన్నుకు తగిలించి పిస్టన్ దాకా పోయే రాడ్డు. పిన్ను చక్రాల్లో బిగువు మీదే నిలబడుతుంది. మామూలు ఇంజన్‌కు ఆ బిగువు చాలు. క్లిఫ్‌ది మామూలు ఇంజన్ కాదు. సిలిండర్ పెద్దది చేసి, జోరు పెంచిన ఇంజన్. అలాంటివాటికి పిన్ను రెండు కొసల్లోనూ వెల్డింగ్ పెట్టకపోతే, ఏదో ఒక రోజు ఒక చక్రం రెండోదాని మీద వెంట్రుకవాసి తిరిగిపోతుంది. ఇక ఇంజన్ తనను తానే తినేస్తుంది.

నెవిల్ ఇంజన్ విప్పి క్రాంక్‌ను బయటికి తీశాడు. గుడ్డతో నూనె తుడుస్తున్న చెయ్యి ఆగింది.

"ఏమైంది?"

"చూపు ఆనట్లేదు. ఆ దీపం ఇటు తే."

ఆమె దీపం పట్టుకుంది. క్రాంక్ కట్టడం పూర్తికాగానే నెవిల్ రెండు చక్రాల అంచుల మీదా అడ్డంగా ఒకే గీత గీసేవాడు. చక్రం తిరిగిపోతే గీత విరిగినట్టు కనిపించి, విషయం చెప్పేస్తుంది. ఈ గీత అగ్గిపుల్ల మందాన విరిగి ఉంది. దాని పక్కనే ఉలితో కొట్టిన అతని గుర్తు, పేరులోని మొదటి అక్షరం, దాని పక్కన ఒక చుక్క.

ఆ గుర్తును లోయలో స్కూటరున్న ప్రతివాడూ పోలుస్తాడు. హేజెల్ కూడా పోల్చింది.

"నా క్రాంక్‌ను తీసుకెళ్ళి చెరువులో విసిరేశాడన్నారే," అన్నాడు నెవిల్.

"అవును. విసిరేసి, దక్షిణం నుంచి కొత్తది తెప్పించాడు."

"ఎవరన్నారు?"

"తనే."

నెవిల్ క్రాంక్‌ను ప్రెస్సులో నిలబెట్టి, పిడి పట్టుకుని బరువు మోపాడు. హేజెల్ అలవాటు కొద్దీ చెవులు మూసుకుంది. పిన్ను ఊడేటప్పుడు తుపాకీ పేలినట్టు చప్పుడవుతుంది. అలాంటిదేమీ కాలేదు. స్తంభం మెత్తగా దిగింది. పిన్ను జారి గుడ్డ మీద పడింది.

"ఇది అరవాలి హేజెల్. వీధి చివరిదాకా వినపడేట్టు అరవాలి."

"అరవలేదేం?"

"అంతకుముందే ఎవరో విప్పారు గనక. రెండుసార్లో, మూడుసార్లో. బెజ్జం సాగిపోయింది." అతను ఒక చక్రాన్ని దీపం కిందికి తిప్పాడు. "ఇక్కడ నా వెల్డింగ్ ఉండాలి. ఇదిగో, ఇక్కడా ఉండాలి. సానపట్టి కోసేశారు, గీతలు కనిపిస్తున్నాయా? ఈ రాడ్డు నేను పెట్టింది కాదు. పొడుగుది. ఇంకాస్త జోరు కోసం మార్చారు. మార్చాలంటే పిన్ను పీకాలి. పీకి, మార్చి, మళ్ళీ నొక్కి, వెల్డింగ్ లేకుండా వదిలేశారు."

"ఎప్పుడు?"

"స్కార్‌బరోకి ముందే అయ్యుండాలి. ఆ తర్వాత వాడు నలభై దాటలేదంటున్నారుగా. నలభై దాటనివాడికి పొడుగు రాడ్డెందుకు?"

టీ మీద మీగడ కట్టింది. హేజెల్ దాన్నే చూస్తోంది. తనకు కోపం రావాలని ఆమెకు తెలుసు. అది ఎక్కడుందో వెతికింది. కనపడలేదు.

"నీకు అప్పుడే తెలుసా?" అంది.

"తెలిస్తే ఊరుకునేవాణ్ణా?" నెవిల్ గొంతు లేవలేదు. "నా వెల్డింగే ఊడిందనుకున్నాను. వాడు అందరి ముందూ నీ క్రాంకే నా కూతుర్ని కుంటిదాన్ని చేసిందంటే, తల వంచుకుని వచ్చేశాను. మళ్ళీ ఇంకో క్రాంక్ ముట్టుకోలేదు. పదకొండేళ్ళుగా రొట్టెల బండి తోలుతున్నాను. మంచం మీద పడుకుని ఆ వెల్డింగే తల్చుకునేవాణ్ణి. ఎక్కడ తప్పు చేశాను, మంట తక్కువైందా, చెయ్యి వణికిందా అని."

అతను కొత్త పిన్ను తీసి, వేళ్ళ మధ్య దొర్లించాడు. మాట్లాడవలసినవాడు బర్న్‌లీ రోడ్డులోని అంత్యక్రియల దుకాణంలో, కొత్త చొక్కా తొడిగించుకుని పడుకుని ఉన్నాడు.

"కొత్తది కొని దీన్ని పారెయ్యొచ్చుగా," అంది హేజెల్. "ఎందుకు ఉంచుకున్నాడు?"

"కొన్నానని ముందే చెప్పేశాడుగా. నిజంగా కొనాలంటే క్లబ్బులో సామాన్లమ్మే ఆ ఒక్కణ్ణే అడగాలి. వాడు మొన్నేగా కొన్నానన్నావు అంటాడు. ఇంకొకడి చేత బాగుచేయిద్దామంటే నా గుర్తు కనపడుతుంది. ఇక దీని మీదే మెల్లగా తిరిగాడు."

మెల్లగా తిరిగాడు.

ఆ మాట ఆమె లోపల ఒక చోట ఆగింది. క్లబ్బులో క్లిఫ్‌ను పాలబండి అనేవాళ్ళు. విట్బీ వెళ్ళినా, మోర్కమ్ వెళ్ళినా అందరికంటే చివర చేరేవాడు. 'ఇదిగో పాలొచ్చాయి, సీసాలు బయట పెట్టండి' అని అరిచేవాళ్ళు. హేజెల్ వెనక సీటు మీద అతని నడుం పట్టుకుని, గర్వంగా తలెత్తుకునేది. కూతురికలా అయ్యాక నన్ను జాగ్రత్తగా చూసుకుంటున్నాడని ఆడవాళ్ళ దగ్గర చెప్పుకునేది. ఎన్నిసార్లు చెప్పుకుందో లెక్కలేదు.

పదకొండు వేసవులు. ఆ పిన్ను మీద.

"నీ పని నువ్వు కానియ్," అంది.

"చెయ్యమంటావా?"

"చెయ్యి."

నెవిల్ కొత్త రాడ్డు, కొత్త పిన్ను పెట్టి నొక్కాడు. సాగిన బెజ్జంలోకి పిన్ను సులువుగానే దిగింది. శుక్రవారం నడిచే మూడు మైళ్ళకు వెల్డింగ్ పెడితే నిలుస్తుందని, అంతకుమించి తను పూచీ పడనని అన్నాడు. దుప్పటి విప్పి, క్రాంక్‌ను రెండు మొనల మధ్య నిలబెట్టే పనిముట్టు తీశాడు. దాని మీద గుండ్రటి గేజ్ ఉంది. క్రాంక్ వంకరగా తిరిగితే దాని సూది వణుకుతుంది.

"సూది నువ్వు చదవాలి. ఈ కళ్ళకు ఆనదు."

అతను క్రాంక్‌ను నెమ్మదిగా తిప్పాడు. "ఎంత?"

"ఏడు గీతలు."

రాగి సుత్తితో చక్రం అంచు మీద ఒక్క దెబ్బ. మళ్ళీ తిప్పాడు. "ఎంత?"

"నాలుగు."

ఇంకో దెబ్బ. "ఎంత?"

"ఐదు."

"ఎక్కువ కొట్టాను." అటువైపు నుంచి చిన్నగా తట్టాడు. "ఎంత?"

"రెండున్నర."

ఎనిమిది రోజుల్లో ఎవరైనా తనను జవాబు చెప్పగల ప్రశ్న అడగడం ఇదే మొదటిసారి. ఇలా సాయంత్రం దాకా అంకెలు చెబుతూ ఉండిపోవచ్చు అనిపించింది హేజెల్‌కు. ఎంత? రెండు. ఎంత? ఒకటిన్నర.

"ఒకటికి రావాలి. అప్పుడే ఆపుతాను," అన్నాడు నెవిల్.

అప్పుడే గేటు చప్పుడైంది. ఆ నడకను హేజెల్ నిద్రలో కూడా గుర్తుపడుతుంది. ఒక అడుగు మామూలుగా, ఒక అడుగు ఈడుస్తూ.

*

మందుల దుకాణం తెల్ల కోటుతోనే వచ్చేసింది జోడీ. వెనకే క్రెయిగ్, చేసిన పని మొహం మీద రాసిపెట్టుకుని.

"చెప్పకుండా ఉండలేకపోయావు కదూ?" అంది హేజెల్.

"దాని దుకాణం ముందే బస్సు ఆగుతుందమ్మా. నేనేం చెయ్యను?"

జోడీ వాళ్ళ మాట వినడం లేదు. నెవిల్‌ను కూడా చూడటం లేదు. ఆమె కళ్ళు బల్ల మీద ఉన్నాయి.

"ఇంజన్ విప్పారా?" అంది.

"కనపడుతోందిగా," అన్నాడు నెవిల్.

"మొత్తం విప్పారా?"

జోడీ మొహం పాలిపోయి, వెంటనే ఎర్రబడింది. "ఆయన్ని పంపించెయ్యమ్మా. ఇప్పుడే పంపించెయ్. ఆయన చెయ్యి పడిన బండి నాన్న ముందు నడవడానికి వీల్లేదు. ఆయనుంటే శుక్రవారం నేను రాను. చెబుతున్నాను, రాను."

"జోడీ, మెల్లగా," అన్నాడు క్రెయిగ్. "పక్కింటి మార్జరీ కిటికీ తీసుకుని కూర్చుంది."

"కూర్చోనీ! కావలిస్తే కుర్చీ తెచ్చుకుని రమ్మను!"

నెవిల్ సుత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎప్పటిలాగే తల వంచుకుని వెళ్ళిపోబోతున్నాడు. పదకొండేళ్ళ క్రితం కూడా ఇదే తలుపులోంచి ఇలాగే వెళ్ళాడు. ఆ రోజు హేజెల్ వంటింటి కిటికీలోంచి చూస్తూ, మంచిపని అయిందనుకుంది.

"ఆగు నెవిల్," అంది. తర్వాత కూతురి వైపు తిరిగింది. మాటలు ఎవరో రాసిచ్చిన కాగితం చదువుతున్నట్టు వచ్చాయి. "మీ బాబాయి చేసిన క్రాంక్‌లో తప్పేం లేదు. మీ నాన్న దాన్ని విప్పాడు. వెల్డింగ్ కోసేసి, రాడ్డు మార్చి, అలాగే బిగించాడు. దాని మీదే నిన్ను ఎక్కించుకున్నాడు. తప్పు బాబాయి మీద తోశాడు."

క్రెయిగ్ నోరు తెరిచాడు. "ఏంటమ్మా? ఏమంటున్నావు నువ్వు?"

జోడీ గోడకు ఆనుకుని, కుంటికాలి మీది బరువు తీసింది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు. హేజెల్ ఆ మొహాన్ని చూస్తూ ఉండిపోయింది.

"నీకు తెలుసు," అంది.

"ఆసుపత్రిలో చెప్పాడు." జోడీ గొంతు చిన్నదైపోయింది. "కట్టు కట్టిన మర్నాడు. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చాడు. మీ అమ్మకి తెలిస్తే నన్ను వదిలేస్తుందన్నాడు. నాకు పదహారేళ్ళమ్మా. నాన్న ఏడవడం ఎప్పుడూ చూడలేదు. చెప్పనని మాటిచ్చాను."

"మరి బాబాయిని చూస్తే అలా..." అన్నాడు క్రెయిగ్.

"ఆయన మొహం ఎలా చూడను రా? చూస్తే చెప్పేస్తానేమోనని భయం. అందుకే ఆయనొస్తే లేచి వెళ్ళిపోయేదాన్ని. అందరూ కోపమనుకున్నారు. అనుకోనిచ్చాను."

నెవిల్ పెట్టె మీద కూర్చుండిపోయాడు. తుడుచుకున్న చేతులనే మళ్ళీ తుడుచుకుంటున్నాడు.

"ఆ క్రాంకే మళ్ళీ బిగించాడని కూడా తెలుసా?" అని అడిగింది హేజెల్.

జోడీ కోటు గుండీ తిప్పుతోంది.

"అడుగుతున్నాను."

"తెలుసు. మార్చమన్నాను. ఎన్నోసార్లు. నెమ్మదిగా నడుపుతాలే అన్నాడు. మాటిచ్చాడు."

"నేను దాని మీద ఎక్కుతుంటే చూశావు."

"అమ్మా..."

"ప్రతి వేసవీ. మోర్కమ్‌కి, విట్బీకి. గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపేదానివి."

"మాటిచ్చాడమ్మా, నలభై దాటనని. ఎప్పుడూ దాటలేదుగా. మీరు తిరిగొచ్చేదాకా నాకు కూడు సహించేది కాదు. మీ బండి చప్పుడు వినపడ్డాకే అన్నం ముందు కూర్చునేదాన్ని."

హేజెల్ కూతుర్ని కొట్టాలని గానీ, దగ్గరికి తీసుకోవాలని గానీ అనుకోలేదు. గుడ్డ మీదున్న పాత పిన్నును తీసి చూసింది. ఎంత చిన్నది. మళ్ళీ ఉన్నచోటే పెట్టింది.

వంటింట్లో ఫోన్ మోగింది. మోగుతూనే ఉంది. ఎవరూ కదల్లేదు. చివరికి హేజెలే వెళ్ళింది. ఒక్కొక్కరే ఆమె వెనక వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. ఆ ఇంట్లో ఇంకెక్కడ నిలబడాలో ఎవరికీ తోచినట్టు లేదు. నెవిల్ లోపలికి రాలేదు. బయట మెట్టు మీదే ఆగాడు.

"మిసెస్ ఆర్మెరాడ్? నేను బర్ట్‌విసిల్‌ని," అంది ఫోన్‌లో మెత్తటి గొంతు. అంత్యక్రియల దుకాణం ఆయన. ఎప్పుడూ ఎవరినో నిద్ర లేపకూడదన్నట్టే మాట్లాడతాడు. "ఇబ్బంది పెడుతున్నాను. శుక్రవారం పంచే కాగితం అచ్చుకు పంపాలి. మీవారి బండి ముందు నడుస్తుందన్నారుగా. నడిపేవారి పేరు చెబితే రాసుకుంటాను. చర్చిలో ఫాదరు అందరి ముందూ చదువుతారు."

"పేరా?"

"అవునండి. అబ్బాయిగారిదే కదూ?"

హేజెల్ గుమ్మం వైపు చూసింది. క్రెయిగ్ అప్పటికే తన పేరు వినడానికి సిద్ధమైనట్టు కాస్త నిటారుగా నిలబడ్డాడు. జోడీ నేల చూస్తోంది. వాళ్ళిద్దరి భుజాల మధ్య నుంచి నెవిల్ పలచటి జుట్టు కనపడుతోంది.

నలభై మంది వింటారు. ఇంకెవరూ ఏమీ చెప్పనక్కరలేదు. ఆ ఒక్క పేరు చదివితే, తొమ్మిది శవపేటికల వెనక నడిచిన ప్రతివాడికీ తప్పు ఎవరిది కాదో తెలిసిపోతుంది.

"నెవిల్ ఆర్మెరాడ్," అంది.

క్రెయిగ్ చేతిలో ఉన్న టోపీ నలిగింది. "అమ్మా, నేను కొడుకుని," అన్నాడు. జోడీ తల ఎత్తింది. హేజెల్ వాళ్ళను దాటి, మెట్టు మీదున్న మనిషిని చూస్తోంది. పదకొండేళ్ళ బాకీని ఒక్క మాటతో తీర్చేసినట్టు, ఎనిమిది రోజుల్లో మొదటిసారి ఆమె గుండె కొంచెం చప్పుడు చేసింది.

నెవిల్ గుమ్మంలోకి వచ్చాడు. అతని మొహంలో ఆమె ఎదురుచూసినది లేదు.

"నేను నడుపుతానని నీకు చెప్పానా?"

"లేదు. కానీ..."

"నన్నడిగావా?"

హేజెల్ రిసీవర్‌ను చెవి నుంచి కిందికి దించింది.

"క్రాంక్ కట్టమన్నావు, కట్టాను. ఒకటికి తెచ్చాక సిరిల్‌కి పంపుదామనుకున్నాను. అంతవరకే ఒప్పుకున్నది. వాడి ముందు నేను నడుస్తానో లేదో నాకే ఇంకా తెలీదు. వాడి మొహం మీద మట్టి వెయ్యాలో, మొహం మీద కొట్టాలో కూడా తెలీదు." అతను జేబులోంచి కళ్ళజోడు తీసి, పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడు. "పదకొండేళ్ళు వాడు నన్నడక్కుండా నా పేరు వాడుకున్నాడు. ఇప్పుడు నువ్వు మొదలెట్టావా హేజెల్?"

అతను వెనక్కి తిరిగాడు. ఈసారి తల వంచుకోలేదు. పెరట్లో షెడ్డు దాటి, దుప్పటినీ గేజ్‌నూ లోపలే వదిలేసి, గేటు వైపు నడిచాడు. గేటు తెరుచుకున్న చప్పుడైంది. మూసుకున్న చప్పుడు కాలేదు.

హేజెల్ రిసీవర్‌ను మళ్ళీ చెవికి ఆనించుకుంది.

"చాలా సంతోషం మిసెస్ ఆర్మెరాడ్," అంటున్నాడు బర్ట్‌విసిల్. "రాసేసుకున్నాను. మా కుర్రాడు ఇప్పుడే అచ్చుకు పట్టుకెళ్ళాడు."